టేపు పట్టుకుని ఒకసారి మా వీధికి రండి

గౌరవనీయులైన పురపాలక సంఘం చైర్‌పర్సన్ గారికి, వైస్ చైర్మన్ గారికి, అన్ని వార్డుల కౌన్సిలర్లకు, పట్టణ ప్రణాళిక విభాగం అధికారులకు,

నమస్కారం.

వచ్చే సమావేశం అజెండాలో నివాస వీధుల వెడల్పు అంశం ఉందని మా వార్డు కౌన్సిలర్ గారు చెప్పారు. తీర్మానం ముసాయిదా కూడా చూపించారు. అందులో ఉన్నవి రెండే ముక్కలు. ఇకపై వచ్చే లేఅవుట్లలో ప్రతి నివాస వీధీ 40 అడుగులు ఉండాలి. పాత వీధులు ఎంత ఇరుకువైనా సరే, రోడ్ డెవలప్‌మెంట్ ప్లాన్‌లో అన్నిటికీ 30 అడుగుల గీత పడాలి, అంటే కొత్తగా కట్టేవాళ్లు ఆ గీత దాకా వెనక్కి జరగాలి. ఊరు బాగుపడాలనే మీరిది తలపెట్టారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఇది ఇలాగే పాసైతే మన వీధులు కాగితం మీద మాత్రమే వెడల్పవుతాయి. ఎందుకంటున్నానో కాస్త ఓపిగ్గా చదవండి.

నేను 26 ఏళ్లుగా లైసెన్స్‌డ్ సర్వేయర్ల దగ్గర ఇళ్ల ప్లాన్లు గీసి బతుకుతున్నవాణ్ణి. ట్రేసింగ్ పేపర్ మీద ఇంకు పెన్నుతో మొదలుపెట్టి ఆటోక్యాడ్ దాకా వచ్చాను. టౌన్ ప్లానింగ్ సెక్షన్ మెట్లు నేను ఎక్కినన్నిసార్లు గుడి మెట్లు ఎక్కి ఉండను. కాబట్టి ఇది బయటివాడి ఫిర్యాదు అనుకోకండి. సెట్‌బ్యాక్ లోపల, అంటే ప్రహరీకీ ఇంటికీ మధ్య ఖాళీగా వదలాల్సిన చోట, కారు ఎక్కే ర్యాంపు బుద్ధిగా గీసి, కట్టేటప్పుడు అది వీధిలోకి వస్తుందని తెలిసి కూడా ప్లాన్ సంతకానికి పంపిన పాపంలో నాకూ వాటా ఉంది.

పోయిన శ్రావణంలో ఒక రాత్రి మా ఎదురింటి మామ్మగారికి గుండెలో నొప్పి వచ్చింది. ఫోన్ చేస్తే 108 బండి తొందరగానే వచ్చింది. వచ్చి మా వీధి మూల దగ్గర ఆగిపోయింది. అక్కడ ఒక పక్క ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, రెండో పక్క కొత్తగా కట్టిన ఇంటి ర్యాంపు. డ్రైవరు ముందుకీ వెనక్కీ రెండుసార్లు తిప్పి చూసి, చెయ్యి అడ్డంగా ఊపాడు. మా పక్కింటి కుర్రాళ్లిద్దరు ఆవిణ్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా ఎత్తుకుని మూల దాకా పరిగెత్తారు. ఆవిడ అదృష్టం బాగుంది, వారం తర్వాత ఇంటికొచ్చింది. ఇప్పుడు అరుగు మీద కూర్చుని ఆ రాత్రి సంగతి పెళ్లి ఊరేగింపు చెప్పినట్టు చెబుతుంది. ఇంతకీ మాది సందు కాదండి. ఎనభైల్లో అప్రూవ్ అయిన లేఅవుట్. డాక్యుమెంట్లలో 30 అడుగుల రోడ్డు.

మర్నాడు పొద్దున్నే నేను టేపు తీశాను. మా ఇంటి ముందు గోడకీ గోడకీ మధ్య 28 అడుగుల 4 అంగుళాలు వచ్చింది. మిగతా 20 అంగుళాలు నలభై ఏళ్లలో ఎవరి ప్రహరీలో కలిశాయో దేవుడికే తెలియాలి. మా వైపు 2 అడుగుల కాలువ, దాని పక్కన అర అడుగు వదిలి పెట్టిన కారు. మామూలు చిన్న కారే, 5 అడుగుల 8 అంగుళాల వెడల్పు. అంటే మా వైపే 8 అడుగుల 2 అంగుళాలు పోయింది. ఎదురుగా ఉన్న ర్యాంపు గోడ నుంచి 6 అడుగులు ముందుకొచ్చింది, కాలువ దాని కింద ఎక్కడో ఉంది. ర్యాంపుకి ఆనించి ఇంకో కారు. అన్నీ తీసేస్తే మధ్యలో మిగిలింది 8 అడుగుల 6 అంగుళాలు. ఫైరింజన్ వెడల్పు రెండున్నర మీటర్లు, అంటే 8 అడుగుల 2 అంగుళాలు. తిన్నగా అయితే రెండు పక్కలా రెండేసి అంగుళాలు వదిలి దూరుతుంది, ఆ డ్రైవరు సర్కస్‌లో పనిచేసినవాడైతే. మూల మాత్రం తిరగలేదు.

30 అడుగులు అలా ఎనిమిదిన్నర అయ్యాయి. ఈ లెక్కలో మనుషులు నడిచే చోటు ఎక్కడా రాలేదని గమనించండి. కాలిబాట కనీసం 1.8 మీటర్లు, అంటే దాదాపు 6 అడుగులు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతాయి. మా వీధిలో ఆ ఆరడుగులూ ర్యాంపుకి రాసిచ్చాం.

అసలీ ర్యాంపులు ఇంత పొడవు ఎందుకయ్యాయో మీరు ఎప్పుడైనా ఆలోచించారా? మా వీధికి మొదట మట్టి రోడ్డు ఉండేది. దాని మీద గ్రావెల్, గ్రావెల్ మీద తారు, తారు మీద సీసీ, కొన్నేళ్లకి సీసీ మీద ఇంకో సీసీ. ఒక్కసారి కూడా పాతది తవ్వి తీయలేదు. దాని నెత్తినే కొత్తది పోశారు. మా నాన్న కట్టిన ఇంటికి వీధిలోంచి మూడు మెట్లు ఎక్కి లోపలికి వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఒక మెట్టు దిగుతాం. వాన పడితే వీధిలో నీళ్లు మాకంటే ముందు హాల్లోకి వెళ్తాయి. ఇది చూసినవాడెవడైనా కొత్త ఇల్లు కట్టుకుంటే ఏం చేస్తాడు? రాబోయే రెండు రోడ్లకి కూడా సరిపడా నాలుగడుగుల పునాది లేపుతాడు. నాలుగడుగుల ఎత్తుకి కారు ఎక్కాలంటే వాలు కావాలి, ఆ వాలు ఆయన స్థలంలో పట్టదు, వీధిలోకి దిగుతుంది. దాని కింద కాలువ మూసుకుపోతుంది, పూడిక తీసే మనిషి పార దూర్చలేడు, నీళ్లు పొంగి సీసీ పాడవుతుంది, మళ్లీ కొత్త రోడ్డుకి టెండరు. అదీ పాతదాని మీదే.

మీ ముసాయిదాలో రోడ్డు మట్టం గురించి ఒక్క మాట లేదు. వెడల్పు కంటే ముందు అది తేల్చండి. ప్రతి వీధిలో కరెంటు స్తంభానికి రోడ్డు మట్టం ఇంత అని ఎర్ర గీత గీయించండి. ఎన్ని రోడ్లు వేసినా ఆ గీత దాటకూడదు, దాటాల్సి వస్తే పాత పొర తీసి వేయాలి అని టెండర్లోనే రాయండి. అప్పుడు ఇళ్లవాళ్లకి పునాదులు లేపే భయం పోతుంది. ర్యాంపు ప్రహరీ లోపలే ముగియాలని మీరు అడగడానికి మీకూ మొహం ఉంటుంది.

ఇక 40 అడుగుల సంగతి. ఊరి బయట 40 అడుగుల రోడ్లతో వేసిన వెంచర్ ఒకటుంది, దానిలో నాలుగైదు ఇళ్లకి ప్లాన్లు నేనే గీశాను. ఈ ఉత్తరం రాసే ముందు అక్కడికీ టేపు పట్టుకెళ్లాను. ర్యాంపులు ఆరు నుంచి తొమ్మిది అడుగులకు పెరిగాయి. ఒకాయన ప్రహరీ బయట గ్రిల్ కట్టి పూలతోట పెట్టుకున్నారు. తోట బాగుంది, నిజం చెప్పాలి, మందారాలు విరగబూశాయి. కానీ అది వీధి. ఇంకొకరు జనరేటర్‌కి దిమ్మె కట్టారు. కార్లు వరసగా కాకుండా గోడకి అడ్డంగా నిలబెట్టారు. చోటుంది కదా మరి. ఇన్ని పోయాక మధ్యలో 15 అడుగులు మిగిలింది. మా వీధిలో మిగిలిన ఎనిమిదిన్నరతో పోలిస్తే, పది అడుగులు అదనంగా ఇస్తే అందులో మూడో వంతుకు పైగా ఆ చుట్టుపక్కల ఇళ్లే మింగాయని మీరు లెక్క వేసుకోవచ్చు. మిగిలిన చోట మోటార్ సైకిళ్లు దూసుకుపోతున్నాయి. మొదటి మలుపు దాకా తిన్నటి సిమెంటు రోడ్డు కనిపిస్తుంటే ఏ కుర్రాడి చెయ్యి ఊరుకుంటుంది?

మధ్యలో ఒక ముచ్చట. మన లేఅవుట్లలో వీధులు అంత తిన్నగా, అంత పొడవుగా ఎందుకుంటాయో తెలుసా? వీధిపోటు. రోడ్డు వచ్చి ప్లాటు మొహానికి తగిలితే ఆ ప్లాటు ఎవరూ కొనరు. కొన్నా సగం ధర అడుగుతారు. అందుకని వెంచర్ వాళ్లు నా చేత వీధి ఎక్కడా ఆగకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి గీయిస్తారు. వాస్తు నమ్మకాల మీద నాకు పేచీ లేదు, నేనూ ఈశాన్యం మూల బరువు పెట్టను. అయితే ప్లాటుకి పోటు తప్పించే ఆ తిన్నటి గీత, ఇంటి ముందు ఆడుకునే పిల్లవాడికి పోటవుతోంది. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. జనం, బళ్లు కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లే గరిష్ఠ వేగం ఉండాలని 2020లో స్టాక్‌హోమ్ రోడ్డు భద్రత సదస్సు ప్రకటన ఊరికే చెప్పలేదు.

40 అడుగులకి డబ్బు ఎవరు కడతారో కూడా చూడండి. ఇంటి ముందు రోడ్డులో సగం ఈ వైపు ప్లాటు నుంచి, సగం ఆ వైపు ప్లాటు నుంచి వస్తుంది. 30 అడుగుల మొగం ఉన్న ప్లాటుకి 30 అడుగుల రోడ్డయితే తన వాటా 50 గజాలు. 40 అడుగుల రోడ్డయితే 67 గజాలు. తేడా 17 గజాలకి కాస్త తక్కువ. మన ఊరి శివార్లలో గజం 20 వేలు అనుకుందాం, మూడు లక్షల 30 వేలు. వెంచర్ వాళ్లు అది జేబులోంచి పెట్టరు, గజం ధరలో కలుపుతారు. 150 గజాలు కొనుక్కుందామని చీటీలు కట్టే టీచరమ్మ ఆ డబ్బు కడుతుంది, ఇంకెవరో అక్కడ కారు అడ్డంగా పెట్టుకుంటారు.

మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో లేఅవుట్ రోడ్ల కనీస వెడల్పును 12 మీటర్ల (40 అడుగుల) నుంచి 9 మీటర్లకు (30 అడుగులకు) తగ్గించింది. ఇది రియల్టర్ల కోసమే అని, మనం మాత్రం 12కే కట్టుబడి ఉండాలని మీలో కొందరు అన్నారట. రియల్టర్లు సంతోషించిన మాట నిజమే. అయినా 9 మీటర్లు తక్కువని నేను ఒప్పుకోను. ఎంత పొడవు వీధికి 9 మీటర్లు అన్నదే అడగాల్సిన ప్రశ్న. జాతీయ భవన నియమావళి 2016 ఈ విషయంలో మన ముసాయిదా కంటే తెలివైనది. దాని ప్రకారం 75 మీటర్ల పొడవు దాకా ఉన్న నివాస వీధికి 6 మీటర్లు చాలు. 150 మీటర్ల దాకా 7.5, 250 దాకా 9, 400 దాకా 12 మీటర్లు. పొడవు పెరిగేకొద్దీ వెడల్పు. పది ఇళ్లున్న వీధికీ నూరు ఇళ్ల బళ్లు పారే వీధికీ ఒకే కొలత పెట్టడం, చంటి పిల్లకీ పెళ్లికూతురికీ ఒకే సైజు గాజులు కొనడం లాంటిది.

అలాగని వెడల్పు రోడ్లు వద్దని నేను అనడం లేదు. నాలుగు కాలనీల రాకపోకలు పడే రోడ్డుకి 40 కూడా తక్కువే. స్కూలు బస్సు, నీళ్ల ట్యాంకరు, పెద్ద వాన కాలువ పోయే దారులు గుర్తించి అక్కడ 60 పెట్టండి, నేను వచ్చి గీసిస్తాను. మంచినీళ్ల పైపు, మురుగు పైపు దూరదూరంగా వేయాలంటే కూడా చోటు కావాలి, అదీ తెలుసు. అలాంటి దారుల్లో పిసినారితనం వద్దు. లోపలి చిన్న వీధుల్లో మిగిల్చిన స్థలం ఇక్కడికి తెచ్చుకోవచ్చు.

అగ్నిప్రమాదాల మాట ముసాయిదాలో ప్రత్యేకంగా రాశారు. 2025 మే నెలలో హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో 17 మంది చనిపోయిన సంగతి మనందరికీ తెలుసు. అక్కడ ఫైరింజన్లు ఆ ఇంటి దాకా వచ్చాయి. కానీ లోపలికి పోయే దారి రెండు మీటర్ల సొరంగం లాంటిది, పైకి వెళ్లడానికి ఒక మీటరు మెట్లు. వీధి వెడల్పు ఎంత ముఖ్యమో, వీధి నుంచి గది దాకా దారి కూడా అంతే ముఖ్యమని చెప్పడానికే ఇది గుర్తు చేస్తున్నాను. కింది అంతస్తు స్తంభాల మధ్య ఖాళీగా వదిలిన స్టిల్ట్ పార్కింగ్ అని ప్లాన్‌లో చూపించి, తర్వాత అడ్డుగోడ కట్టి షాపుకి అద్దెకిచ్చిన అపార్ట్‌మెంట్లు మన ఊళ్లో ఎన్ని ఉన్నాయో మీ దగ్గర ఉన్న ప్లాన్లే చెబుతాయి. ఆ స్టిల్ట్‌లో ఉండాల్సిన కార్లే వీధుల్లో ఉన్నాయి.

జపాన్ సంగతి చాలామంది నమ్మరు. అక్కడి 1950 నాటి భవన నిర్మాణ చట్టంలో రోడ్డు కనీస వెడల్పు 4 మీటర్లు. అంటే 13 అడుగులు, మన ఎడ్లబండి బాట. అంతకంటే ఇరుకు సందుల్లో కొత్తగా కట్టేవాళ్లు సందు మధ్య గీత నుంచి 2 మీటర్లు వెనక్కి జరగాలి. టోక్యోలో ఇలాంటి వీధులు లెక్కలేనన్ని, అయినా బండి పోతుంది, మనిషీ పోతాడు. ఎందుకంటే కారు పెట్టుకోవడానికి సొంత చోటు ఉందని రుజువు చూపించాలని 1962లో ఇంకో చట్టం తెచ్చారు. వీధి పార్కింగ్ స్థలం కాదని ముందే తేల్చేశారు. మనం చట్టం చేయలేం, అది మన కౌన్సిల్ పరిధి కాదు. కానీ మా వీధిలో ఒక వైపే కార్లు పెట్టాలి అని పసుపు గీత గీయించడం మన పరిధే కదా. బేసి తేదీల్లో ఈ వైపు, సరి తేదీల్లో ఆ వైపు అన్నా సరే. నేను కొలిచిన చోట ఒక్క కారు తీసేస్తే 8 అడుగుల 6 అంగుళాలు కాస్తా 14 అడుగుల 2 అంగుళాలు అవుతుంది. ఒక్క ఇటుక కదపక్కర్లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ముసాయిదాలో రెండో ముక్క. పాత బజారు వెనక గ్రామకంఠం, అంటే పాత ఊరి ఇళ్ల స్థలం, వీధులు 12, 14 అడుగులు. రెండు పక్కలా అరుగులు, మధ్యాహ్నం మూడింటికల్లా వీధంతా నీడ. అక్కడ 14 అడుగుల వీధికి 30 అడుగుల గీత గీస్తే ఒక్కో వైపు 8 అడుగులు పోతుంది. అక్కడి స్థలాలు చాలావరకు 20 అడుగుల మొగం, 30 అడుగుల లోతు. 66 గజాల స్థలంలో దాదాపు 18 గజాలు. మిగిలినదాంట్లో ముందు సెట్‌బ్యాక్ వదిలితే ఇంట్లో మంచం వేయాలో పొయ్యి పెట్టాలో తేల్చుకోవాలి. పరిహారంగా టీడీఆర్ బాండు, అంటే పోయిన స్థలానికి బదులు వేరే చోట అదనంగా కట్టుకునే లేదా ఆ హక్కు అమ్ముకునే కాగితం, ఇస్తామంటారు. బిల్డర్లకి ఆ బాండు బంగారమే. కుట్టు మిషను మీద బతికే ఆవిడ దాన్ని ఎవరికి అమ్మాలో, ఎంతకమ్మాలో చెప్పేది మధ్యలో దళారీ, మిగిలేది మీరే ఊహించుకోండి.

పైగా ఈ గీతలు ఒకేసారి అమలు కావు. ఎవరు కొత్తగా కట్టుకుంటే వాళ్ల ముందే రోడ్డు స్థలం వదిలించుకుంటారు. ఒకరు 2008లో కట్టి వెనక్కి జరిగారు, పక్కవాళ్లు తాతల నాటి ఇంట్లోనే ఉన్నారు, ఆ పక్కాయన గీతకి భయపడి అనుమతి లేకుండానే రాత్రికి రాత్రి శ్లాబు వేశారు. ఇప్పుడా వీధి పళ్లూడిన దువ్వెనలా ఉంది. వెనక్కి జరిగిన చోట ఆ ఇంటివాళ్లే స్కూటర్లు పెట్టుకుని పైన రేకులు దించుకున్నారు. మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్ రాసిచ్చిన స్థలం అది! ఆ డీడుకి ప్లాన్ జత చేసింది నేనే కాబట్టి చెబుతున్నాను.

ఆ పాత వీధులు చాలావరకు చిన్నవి, ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర పలుకుతారు. వాటిని 30 చేయకండి. మూలలు మాత్రం సరిచేయండి. మలుపు దగ్గర స్థలం మూల కోసి వదలాలన్న స్ప్లే నిబంధన ఉండనే ఉంది, దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. రెండు మూలల్లో కాస్త స్థలం కొని, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె పక్కకి జరిపితే 108 బండి తిరుగుతుంది. వీధంతా కొట్టేయడానికయ్యే ఖర్చులో అదొక మూల.

తీర్మానం తిరగరాస్తారన్న ఆశతో నా మాట ఒకటి చెబుతాను. గోడకీ గోడకీ మధ్య ఎన్ని అడుగులు అన్నదానికి ముందు, ఏ రోజైనా ఏ గంటలోనైనా అడ్డం లేకుండా ఎన్ని అడుగులు ఉండాలో రాయండి. నన్నడిగితే 13 అడుగులు, ఆ పైన 15 అడుగుల ఎత్తు దాకా బాల్కనీ గానీ కేబుల్ వైరు గానీ వేలాడకూడదు. షామియానా వేసినా, వినాయక మండపం పెట్టినా, ఇసుక తోలించినా ఆ 13 అడుగులు ముట్టుకోకూడదు. అది కాక కాలిబాట, ఆ తర్వాత కానుగ చెట్లో వేప చెట్లో, ఆ తర్వాత చోటుంటే కార్లు. వరస అదీ. ఇప్పుడు మనం వెనక నుంచి మొదలుపెడుతున్నాం.

ర్యాంపులు కొట్టించడం ఓట్లు పోయే పని అని తెలుసు. మా ఎదురింటి ర్యాంపు కొట్టమంటే ముందు నాతోనే గొడవకొస్తారు, రోజూ కాఫీకి పిలిచేవాళ్లే. అందుకే మొదలు మా ఇంటి దగ్గర పెట్టండి. మా గేటు ముందు నేను వేసిన రెండడుగుల గచ్చు కూడా కాలువ మీదే ఉంది. ఈ ఉత్తరం మీకు చేరేలోపు అది తీసేయిస్తాను, మేస్త్రీతో మాట్లాడాను.

ఆదివారం పొద్దున ఆరు గంటలకి, కార్లు కదలకముందు, మా వీధి మూల ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 30 మీటర్ల టేపుతో నిలబడి ఉంటాను. మీలో ఎంతమంది వచ్చినా సంతోషం, రెండో చివర పట్టుకోవడానికి ఒకరు వచ్చినా చాలు. పాత చెప్పులు వేసుకు రండి, కాలువ గట్టు మీద నిలబడాల్సి వస్తుంది.

ఇట్లు,
మీ పట్టణంలో ప్లాన్లు గీసే ఒక డ్రాఫ్ట్స్‌మన్